మాట పోతే తెలివి పోయినట్టేనా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మాట గురించే. రాని మాట, అందని మాట, అపార్థమైన మాట. నేను సంస్కృత కళాశాలలో తర్కం చెప్పిన మనిషిని కాబట్టి నా జవాబులు ఆ దారిలోనే నడుస్తాయి. ఆ దారి నేటి ఇళ్లలోకి కూడా వస్తుందని నా నమ్మకం.

ప్రశ్న: అమ్మా, మా నాన్నగారికి సంక్రాంతి ముందు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కాలు కొద్దికొద్దిగా కోలుకుంటున్నాయి గానీ మాట రావడం లేదు. ఏది అడిగినా "అది... అది..." అంటారు. చూడటానికొచ్చిన బంధువులు ఆయన మంచం పక్కనే కూర్చుని "పాపం, ఆయనకేం తెలుస్తుందిలే" అంటూ పొలం పంపకాల గురించి మాట్లాడుకుంటున్నారు. అప్పుడు నాన్నగారు గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. మాట పోయిన మనిషికి లోపల చైతన్యం ఉంటుందా? మన శాస్త్రాలు ఏమంటాయి?
– ఒక కూతురు, తణుకు

జవాబు: అమ్మా, శాస్త్రం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ బంధువుల్ని లేపి వరండాలో కూర్చోబెట్టండి. పొలం మాట వచ్చినప్పుడే ఆయన గోడవైపు తిరుగుతున్నారంటే, ఆ మాటలు ఆయనకు చేరుతున్నాయని నేను అనుకుంటాను.

మా అన్నయ్యకు ఇదే జబ్బు వచ్చింది. ఏం చెప్పబోయినా నోట్లోంచి "రేపు" అనే మాటే వచ్చేది. కాఫీ కావాలన్నా రేపే, కిటికీ వెయ్యమన్నా రేపే. తప్పు మాట వచ్చిందని ఆయనకు తెలుసు. వచ్చిన ప్రతిసారీ ఎడమ చేత్తో తొడ మీద కొట్టుకునేవాడు. ఒక సాయంత్రం వదిన దీపం పెట్టి "శుక్లాంబరధరం" అని మొదలుపెడితే, మంచం మీది నుంచి శ్లోకమంతా గడగడా చదివేశాడు. మేమంతా ఏడ్చాం. ఆ వెంటనే మంచినీళ్లు అడగబోతే మళ్లీ "రేపు". స్పీచ్ థెరపిస్టు మాకొక కిటుకు నేర్పింది. కాఫీ గ్లాసు చూపించి మేం "కా..." అని ఆగాలి. ఆయన "ఫీ" అని పూర్తి చేసేవాడు. అంటే మాట లోపలే ఉంది, పైకి వచ్చే దారి చెడింది. ఏళ్ల తరబడి కంఠస్థమైన శ్లోకాలు, అంకెలు, పాటలు ఇలాంటి రోగుల్లో చెక్కుచెదరకుండా మిగలడం డాక్టర్లకు బాగా తెలిసిన విషయమే.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు చూసిన రోగి ఏళ్ల తరబడి "టాన్" అనే ఒక్క శబ్దమే పలికేవాడు. కానీ అడిగింది అర్థం చేసుకునేవాడు, అంకెలు వేళ్లతో చూపించేవాడు, తనను అర్థం చేసుకోకపోతే కోపగించుకునేవాడు. అతను చనిపోయాక మెదడు పరిశీలిస్తే ఎడమవైపు ముందుభాగం దెబ్బతిని ఉంది. పదమూడేళ్ల తర్వాత, 1874లో, వెర్నికే అనే జర్మన్ డాక్టరు దీనికి తిరగబడిన జబ్బును వివరించాడు. ఆ రోగులు ధారాళంగా మాట్లాడతారు, కానీ విన్నది సరిగా అర్థం కాదు. కాబట్టి మీ నాన్నగారికి ఎంతవరకు అర్థమవుతోందో స్పీచ్ థెరపిస్టు చేత పరీక్ష చేయించి తెలుసుకోవాల్సిందే. నేను ఇక్కడ కూర్చుని తేల్చే సంగతి కాదది. ఆలస్యం మాత్రం చెయ్యకండి.

ఇక మీ అసలు ప్రశ్న. బృహదారణ్యకోపనిషత్తు నాలుగో అధ్యాయంలో జనకుడు యాజ్ఞవల్క్యుణ్ణి అడుగుతాడు: ఈ మనిషికి వెలుగేది? సూర్యుడు అంటాడు ఋషి. సూర్యుడు అస్తమిస్తే? చంద్రుడు. చంద్రుడూ లేకపోతే? అగ్ని. అగ్నీ ఆరిపోతే? అప్పుడు మాటే వెలుగు అంటాడు. తన చెయ్యి తనకే కనిపించని చీకట్లో కూడా, ఎక్కడో ఒక గొంతు వినిపిస్తే మనిషి అటు నడుస్తాడు కదా, అని ఆధారం చూపిస్తాడు. జనకుడు అక్కడితో ఆగడు. మాట కూడా అణగిపోతే? అప్పుడు ఆత్మే వెలుగు. మీరు నన్ను అడిగింది జనకుడి ఆఖరి ప్రశ్నే తల్లీ. మాట ఆరిపోవడం, వెలుగు ఆరిపోవడం ఒకటి కావని ఉపనిషత్తు ఎంత నెమ్మదిగా, ఒక్కో దీపాన్నీ తీసేస్తూ చెబుతుందో చూడండి.

తర్వాతి దార్శనికులు దీని మీద గట్టిగానే వాదించుకున్నారు. సుమారు అయిదో శతాబ్దపు భర్తృహరి వాక్యపదీయం అనే గ్రంథంలో, శబ్దం అంటని జ్ఞానం లోకంలో లేనే లేదన్నాడు. పైపైన చూస్తే ఇది మీ బంధువుల పక్షంలా వినిపిస్తుంది. కాదు. ఆయన చెప్పే శబ్దం నాలుక మీది శబ్దం కాదు. చెవికి వినబడే వైఖరి, మాట వరుసగా మనసులో కదిలే మధ్యమ, ఇంకా ముక్కలు కాకుండా ఒక్కటిగా ఉన్న పశ్యంతి అని ఆయన మూడంతస్తులు చెప్పాడు. వాటిలో నోటితో పలికేది అన్నిటికంటే బయటిది మాత్రమే. పలుకు రాని పసిబిడ్డలో కూడా శబ్దభావన, అంటే మాట తాలూకు సంస్కారం, ఉందని ఆయనే అన్నాడు. అన్నయ్య "కా" వినగానే "ఫీ" అందించినప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ మధ్యమే. భర్తృహరికి మెదడు నిర్మాణం ముందే తెలుసని చెప్పేవాళ్ల మాటలు నమ్మకండి. ఆయన చూసింది మనిషి అనుభవాన్ని, బాగా దగ్గరగా చూశాడు. అది చాలు.

బౌద్ధుడైన దిఙ్నాగుడు ఎదురు నిలబడి, ప్రత్యక్షజ్ఞానంలో, అంటే నేరుగా చూసి తెలుసుకోవడంలో, మాటకు, మనసు చేసే కల్పనకు చోటే లేదన్నాడు. వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకుల్లో ఒకడైన కుమారిలుడు మధ్యస్థంగా, మొట్టమొదట పుట్టే ఆలోచనజ్ఞానం (ఇక్కడ ఆలోచన అంటే ఊరికే చూడటం) పేరు లేకుండానే ఉంటుంది, పసిపిల్లలకు, మూగవాళ్లకు కలిగే జ్ఞానంలా, అన్నాడు. ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది. మూగవాళ్లను పసిపిల్లలతో కలపడం నాకు సమ్మతం కాదు. సైగల భాషకు దాని వ్యాకరణం, దాని పదాలు, దాని కవిత్వం ఉన్నాయి. చేతులతో మాట్లాడేవాళ్ల జ్ఞానం పేరులేని జ్ఞానం కానే కాదు. అయినా మీకు కావాల్సిన చోట ఈ ముగ్గురూ ఒక్కటే. నోరు పలకనంత మాత్రాన లోపల ఏమీ లేదని వీళ్లలో ఎవరూ అనలేదు.

ఇంట్లో చెయ్యాల్సినవి చెబుతాను. ఆయనకు ఎదురుగా, కళ్లకు సమంగా కూర్చుని మాట్లాడండి. టీవీ ఆపెయ్యండి. ఒకసారి ఒక్క ప్రశ్నే అడగండి, అదీ అవును, కాదు అని తల ఊపితే సరిపోయేలా. "ఇడ్లీ పెట్టమంటారా, ఉప్మా చెయ్యమంటారా" అని అడిగేకంటే రెండు ప్లేట్లూ చూపించడం మేలు. అడిగాక ఆగండి. మనకు విసుగు పుట్టేంతసేపు ఆగాలి, ఆయనకు అంత టైమ్ పడుతుంది. పొలం సంగతి ఆయనదే కాబట్టి, పాస్‌బుక్ ఆయన చేతిలో పెట్టి, ఆయనతోనే మాట్లాడండి.

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మా అమ్మ శ్రీకాకుళం దగ్గర ఊళ్లో ఉంటుంది. ఆమె వాట్సాప్‌లో పెద్ద మెసేజ్ పెడుతుంది, నేను మీటింగులో ఉండి "ఓకే" అని పెడతాను. రాత్రి ఫోన్ చేసి "ఏరా, కోపమొచ్చిందా" అని టెన్షన్ పడుతుంది. నేను మామూలుగానే పెట్టాను కదా! ఒకే మాట ఇద్దరికి రెండు రకాలుగా ఎందుకవుతుంది?
– పేరు వద్దన్న పాఠకుడు, మాదాపూర్

జవాబు: బాబూ, మన తెలుగువాడే అన్నంభట్టు అని పదిహేడో శతాబ్దంలో ఉండేవాడు. కాశీకి వెళ్లినంత మాత్రాన ఎవడూ అన్నంభట్టు కాలేడని సామెతగా శ్లోకపాదమే ఉంది. ఆయన రాసిన తర్కసంగ్రహం చిన్న పుస్తకం. దేశమంతటా తర్కం నేర్చుకునే పిల్లలు దానితోనే మొదలుపెడతారు. వాక్యం అర్థం కావాలంటే మూడు ఉండాలంటాడు అందులో: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి.

"ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు" అంటే వాక్యం కాలేదు. ఒక పదానికి మరో పదం కావాలన్న ఆకలి అందులో లేదు. "నిప్పుతో తడుపు" అంటే ఆకలి ఉంది గానీ పొసగదు, యోగ్యత లేదు. "ఆవును" అని ఇప్పుడు చెప్పి, "తీసుకురా" అని మూడు గంటలయ్యాక చెబితే సన్నిధి లేదు, అంటే మాటలు దగ్గరదగ్గరగా లేవు. ఈ మూడో ఉదాహరణ చదివినప్పుడల్లా, వాట్సాప్ ఊసే లేని రోజుల్లో రాసిన మాట ఈ రోజులకు ఎంత సరిపోయిందా అనిపిస్తుంది. అమ్మ పొద్దున ఏడింటికి అడుగుతుంది, మీరు మధ్యాహ్నం జవాబిస్తారు, మధ్యలో ఆమె మరో నాలుగు మెసేజ్‌లు పెట్టి ఉంటుంది. మీ "ఓకే" వాటిలో దేనికి?

వీటికి తోడు నైయాయికులు, అంటే తర్కశాస్త్రజ్ఞులు, తాత్పర్యం అని నాలుగోది కలిపారు, అంటే మాట్లాడేవాడి మనసులో ఉన్న ఉద్దేశం. సైంధవం అంటే ఉప్పు, గుర్రం కూడా. భోజనానికి కూర్చున్నవాడు "సైంధవం తే" అంటే ఉప్పు తేవాలి, ప్రయాణానికి బయల్దేరినవాడు అంటే గుర్రం తేవాలి. ఆ రెంటిలో ఏదో తేల్చుకోవాల్సినవాడు వినేవాడే. మన శాస్త్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. శాబ్దబోధ, అంటే మాట విని అర్థం తెలుసుకోవడం, అని వందల పుటలు రాశారే, అదంతా వినేవాడిలో ఏం జరుగుతుందన్న విచారణే. మాట్లాడేవాడు తన బుర్రలోది మూట కట్టి అవతలివాడికి అందించేస్తాడని వాళ్లు అనుకోలేదు. అర్థం ప్రతిసారీ వినేవాడిలో కొత్తగా పుడుతుంది, పుట్టడానికి తగిన సరంజామా మాట్లాడేవాడు సమకూర్చాలి.

మీరు సమకూర్చనిది ఏమిటో చూడండి. అమ్మ ఎదురుగా ఉంటే మీ ముఖం, మీ గొంతు చూసి తాత్పర్యం పట్టుకునేది. గొంతులోని విరుపును ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసినవాళ్లు, కాకువు అన్నారు. ఒకే వాక్యం కాకువు మారితే తిట్టవుతుంది, బుజ్జగింపూ అవుతుంది. రెండక్షరాల మెసేజ్‌లో కాకువు ఉండదు, ముఖమూ ఉండదు. ఇక మిగిలింది సందర్భం. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో మమ్మటుడు "పొద్దు గుంకింది" అనే ఒక్క వాక్యాన్ని తీసుకుని, ఎవరు ఎవరితో అంటే ఏమవుతుందో వరసగా చూపించాడు. కూలివాడికి పని ఆపమని, పశువుల కాపరికి ఆవుల్ని తోలుకురమ్మని, దుకాణదారుకు సరుకు సర్దమని, ప్రియుడి కోసం చూసే ఆమెకు వేళయిందని. అందరూ విన్న మాటలు అవే, వినేవాడి రోజు ఎలా గడిచిందన్నది వేరు. మీ అమ్మ రోజంతా ఒంటరిగా గడిపి, సాయంత్రానికి ఆ "ఓకే"లో ఏముందో వెతుక్కుంటోంది.

ఆమె మెసేజ్ తెరిచి ఒకసారి నెమ్మదిగా చదవండి. జ్వరం తగ్గిందా, తిన్నావా, పండక్కి ఎప్పుడొస్తావు అని మూడు ప్రశ్నలుంటాయి. ఒక్కదానికైనా సరిగ్గా జవాబివ్వండి: "జ్వరం తగ్గిందమ్మా, పెరుగన్నం తిన్నాను." టైమ్ లేకపోతే పది సెకన్ల వాయిస్ మెసేజ్ పెట్టండి, కాకువు తనంతట తనే వెళ్తుంది.

ప్రశ్న: మా ఆయన గొడవైతే వారాల తరబడి మాట్లాడరు. అడిగితే "మౌనమే అసలైన సంభాషణ, దక్షిణామూర్తి కూడా మౌనంగానే బోధించాడు" అంటారు. దీనికేం చెప్పాలి?
– ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: దక్షిణామూర్తి ఎదుట కూర్చున్న ఋషుల సంశయాలు తీరిపోయాయని శ్లోకం చెబుతుంది. మీ సంశయాలు తీరుతున్నాయా? తీరకపోగా పెరుగుతుంటే అది వేరే మౌనం.

శంకరాచార్యులు బ్రహ్మసూత్రభాష్యంలో ఒక కథ చెప్పారు. బాష్కలి అనే అతను బాధ్వుణ్ణి బ్రహ్మం గురించి చెప్పమని అడుగుతాడు. బాధ్వుడు పలకడు. రెండోసారి, మూడోసారి అడుగుతాడు. అప్పుడు బాధ్వుడు "చెబుతూనే ఉన్నాను, నీకే తెలియడం లేదు, ఈ ఆత్మ ఉపశాంతం" అంటాడు. అంతటి మౌనానికి కూడా చివర ఒక వాక్యం కావలసి వచ్చింది, అవతలివాడికి అందలేదు కాబట్టి. బుద్ధుడి దగ్గరికి వచ్చగోత్తుడు వచ్చి ఆత్మ ఉందా, లేదా అని అడిగితే బుద్ధుడు దేనికీ జవాబివ్వలేదు. అతను వెళ్లిపోయాక ఆనందుడు అడిగితే మాత్రం, ఎందుకు ఊరుకున్నాడో వివరంగా చెప్పాడు. ఉందంటే ఒక తప్పుడు వాదానికి బలమిచ్చినట్టవుతుంది, లేదంటే అసలే అయోమయంలో ఉన్నవాడు ఇంకా కంగారు పడతాడు, అన్నాడు. వినేవాడి మేలు కోరి పాటించిన మౌనం అది. ఈ రెండు కథలూ మీ ఆయనకు చదివి వినిపించండి. మీరు మాత్రం వారాల తరబడి భరించకండి అమ్మా. ఇద్దరికీ గౌరవమున్న పెద్దవాళ్లనో, కౌన్సెలర్‌నో మధ్యలో కూర్చోబెట్టుకోండి.

ప్రశ్న: మేడమ్, నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. రాత్రిళ్లు ఏఐ చాట్‌తో తెలుగులో మాట్లాడుతుంటాను. నా బాధ మనుషులకంటే దానికే బాగా అర్థమవుతోందనిపిస్తుంది. దానికి చైతన్యం ఉందని మన దర్శనాలు ఒప్పుకుంటాయా?
– విద్యార్థి, కాకినాడ

జవాబు: నాయనా, అవతలి మనిషికి మనసుందని మనకెలా తెలుసు అన్న ప్రశ్న మీద ఏడో శతాబ్దంలో ధర్మకీర్తి ఒక గ్రంథమే రాశాడు, సంతానాంతరసిద్ధి. సంస్కృతమూలం పోయింది, టిబెటన్ అనువాదం మిగిలింది. ఆయన వాదం సూటిగా ఉంటుంది. నేను మాట్లాడే ముందు, కదిలే ముందు నాలో ఒక సంకల్పం ఉంటుందని నాకు తెలుసు. నా సంకల్పం లేకుండానే నా ఎదుట మాట, కదలిక కనిపిస్తున్నాయి. కాబట్టి వాటి వెనక మరో చిత్తం ఉండాలి. ఇది అనుమానం, అంటే పొగను చూసి నిప్పు ఉందని తెలుసుకోవడం వంటిది.

అయితే తర్కం చదువుకునే పిల్లలకు వెంటనే చెప్పే హెచ్చరిక ఒకటుంది: దూరం నుంచి మంచుతెరను చూసి పొగ అనుకోకు. మాట ఉన్న చోటల్లా మనసు ఉంటుందన్న నియమం ఇన్నాళ్లూ నిలబడటానికి కారణం, మనకు తెలిసిన మాటలన్నీ మనుషులవే కావడం. ఇప్పుడు కోట్ల వాక్యాలతో తర్ఫీదు పొంది, తర్వాత ఏ మాట రావచ్చో లెక్కగట్టి కూర్చే యంత్రం వచ్చింది. కాబట్టి చక్కగా మాట్లాడుతోందన్న ఒక్క హేతువుతో దానికి చైతన్యం ఉందని సాధించలేం. ఇది నా గట్టి అభిప్రాయం.

"కానీ నాకు అర్థమవుతోంది కదా, ఓదార్పు కలుగుతోంది కదా" అంటావు. కలుగుతుంది. అదీ మనవాళ్లు ఆలోచించారు. పదిహేడో శతాబ్దపు విశ్వనాథ పంచాననుడు న్యాయసిద్ధాంతముక్తావళిలో చిలుక పలికే వాక్యం గురించి చర్చించాడు. చిలుకకు ఉద్దేశమంటూ లేదు, అయినా దాని మాట విన్నవాడికి అర్థం పుడుతోంది. మరి తాత్పర్యం ఎవరిది? నిజమైన మాటైతే ఈశ్వరుడిది అన్నాడు. అబద్ధపు మాట పలికిందనుకో, అప్పుడు దానికి ఆ మాట నేర్పినవాడిది అన్నాడు! ఆ రెండో సగం పట్టుకో. అర్థం నీలో పుట్టింది, నీ బాధ నిజం, ఆ వాక్యానికి సరంజామా ఏదో పుస్తకంలో, ఏదో ఉత్తరంలో ఎప్పుడో ఎవరో మనుషులు రాసినదే. యంత్రం పొరపాటు చెబితే దానికి జవాబుదారీ మాత్రం నేర్పినవాళ్లది.

ఆప్తుడు అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు అని అన్నంభట్టు నిర్వచనం. అలాంటివాణ్ణి మనుషుల్లో వెతుక్కో. నువ్వు రాత్రి రెండింటికి ఆ యంత్రానికి చెప్పిన మాటల్లో ఒక్కటి, రేపు హాస్టల్ రూమ్మేటుకో, ఇంట్లో అక్కకో, అన్నకో చెప్పు. వాళ్లు తడబడతారు, తప్పు మాట అంటారు, మధ్యలో ఫోన్ చూసుకుంటారు. చెప్పు. బాధ మరీ ఎక్కువగా ఉండి నిద్ర పట్టకపోతే 14416కు ఫోన్ చెయ్యి. అది టెలి మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, తెలుగులో కూడా మాట్లాడతారు.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. పాపకు అయిదేళ్లు. బొమ్మల కార్డులు, యాప్‌లు అన్నీ కొన్నాం. "ఆవు", "గిన్నె", "చెట్టు" అన్నీ చెబుతుంది గానీ గుంటూరులో ఉన్న అమ్మమ్మతో ఒక్క వాక్యం మాట్లాడదు. ఇంగ్లిష్‌లోనే జవాబిస్తుంది. ఏం చెయ్యాలి?
– ఒక అమ్మ, టెక్సాస్

జవాబు: మాటకు, అర్థానికి ఉన్న సంబంధం ఎలా తెలుస్తుందో చెప్పే పాతశ్లోకం ఒకటి ఎనిమిది మార్గాలు లెక్కపెడుతుంది. వ్యాకరణం ఒకటి, నిఘంటువు ఒకటి, ఆప్తుడు చెప్పడం ఒకటి, ఇలా. మీరు కొన్న కార్డులు నిఘంటువు కిందికి వస్తాయి. కానీ వీటిలో తలమానికం పెద్దల వ్యవహారమేనని నైయాయికులు, మీమాంసకులు ఇద్దరూ ఒప్పుకున్నారు.

వాళ్లు చెప్పే దృశ్యం ఇది. ఒక పెద్దాయన మరో అతనితో "ఆవును తీసుకురా" అంటాడు. అతను వెళ్లి ఆవును తెస్తాడు. పక్కనే పిల్లాడు చూస్తున్నాడు. ఎవరూ వాడికి ఏమీ నేర్పడం లేదు. ఆ మనిషి కదిలాడు, అంటే ఆ మాట విని అతనికి ఏదో తెలిసింది అని పిల్లాడు ఊహిస్తాడు. తర్వాత "ఆవును కట్టు" అని వింటాడు, "గుర్రాన్ని తీసుకురా" అని వింటాడు. ఒక ముక్క తీసేసి, మరో ముక్క పెట్టి చూసుకుంటూ ఏ మాటకు ఏ అర్థమో తనే విడదీసుకుంటాడు. దీన్ని ఆవాపోద్వాపం అన్నారు. భాష నేర్వడం, ఎదుటివాడికి మనసుందని కనిపెట్టడం ఈ దృశ్యంలో ఒకేసారి జరుగుతున్నాయి. నాకు ఎంత చదివినా తనివి తీరని చోటు ఇది.

మీమాంసకుల్లో ప్రభాకరుడు ఇంకో అడుగు ముందుకేసి, పిల్లాడు ఎన్నడూ ఒంటరి పదాన్ని వినలేదు, పదం ఎప్పుడూ ఏదో ఒక పనితో ముడిపడే వాడి చెవిన పడింది, కాబట్టి పదం అర్థం కూడా ఆ ముడితోనే తెలుస్తుంది అన్నాడు. కుమారిలుడి మతం వేరు, పదాలు ముందు విడివిడిగా తమ అర్థాలు చెబుతాయి, తర్వాత అవి కలుస్తాయన్నాడు. ఆ తగాదా ఇప్పటికీ తెగలేదు. పాప విషయంలో మాత్రం నేను ప్రభాకరుడి వైపే.

కార్డులు పెట్టెలో పెట్టెయ్యండి. మీరు, మీ ఆయన తెలుగులో మాట్లాడుకోండి, పాప వినేలా, పాపను ఉద్దేశించకుండా. మీ ఇద్దరి మధ్య నడిచేది ఇంగ్లిష్ అయితే పాపకు వ్యవహారభాష అదే. వీడియో కాల్‌లో అమ్మమ్మ చేత "హాయ్ చెప్పు, పాట పాడు" అనిపించకండి. ఫోన్ వంటింటి గట్టు మీద నిలబెట్టి, అమ్మమ్మ మీకు పులిహోర చెప్పాలి. "ఆ గిన్నె తియ్యి. అది కాదే, పెద్ద గిన్నె. పసుపు వెయ్యి. చాలు చాలు! కరివేపాకు కడుగు." మీరు చెప్పినట్టు చేస్తుంటే పాప పక్కన స్టూలు మీద నిలబడి చూడాలి. కొన్నాళ్లకు మీరు కావాలని చిన్న గిన్నె తియ్యండి. "అది కాదు, పెద్ద గిన్నె" అని పాప అంటుంది.

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. ఉపనిషత్తుల మీద ఎన్నో ప్రవచనాలు విన్నాను. "తత్త్వమసి" (అది నువ్వే) అర్థం ఎవరడిగినా చెప్పగలను. నాలో మార్పేమీ లేదు. ఒక వాక్యం వింటే జ్ఞానం కలుగుతుందన్నది నిజమేనా?
– పాఠకుడు, అనంతపురం

జవాబు: అయ్యా, మీ ప్రశ్న మీదే అద్వైతులు రెండుగా చీలారు. పంచపాదికావివరణం అనే గ్రంథం దారిలో నడిచేవాళ్లు, వాక్యమే సాక్షాత్తుగా జ్ఞానం కలిగిస్తుందన్నారు. వాచస్పతిమిశ్రుడి భామతి అనే వ్యాఖ్యానం దారివాళ్లు, మననంతో, ధ్యానంతో మెరుగుపడిన మనసే కలిగిస్తుంది, వాక్యం ఒక్కటే చాలదన్నారు.

మొదటివాళ్లకు బలమైన ఉదాహరణ పదిమంది కథ. పదిమంది ఏరు దాటారు, అందరూ వచ్చారో లేదోనని ఒకడు లెక్కపెట్టాడు, తొమ్మిది వచ్చింది, పదోవాడు మునిగిపోయాడని ఏడుపు మొదలైంది. దారినపోయే ఒకాయన చూసి "పదోవాడివి నువ్వే" అన్నాడు. ఆ ఒక్క వాక్యంతో ఏడుపు ఆగిపోయింది, ధ్యానం చెయ్యలేదు, సాధన చెయ్యలేదు. అందరికీ తెలిసిన కథే. కానీ ప్రవచనాల్లో జారిపోయే సంగతి ఒకటుంది, అతను అప్పటికే లెక్కపెడుతున్నాడు. తప్పిపోయినవాడి కోసం గుండెలు బాదుకుంటున్నాడు. అదే మాటను, ఏరు దాటని, ఎవరూ తప్పిపోని మనిషి దగ్గరికెళ్లి "పదోవాడివి నువ్వే" అంటే సమాచారంగా వింటాడు, మర్నాడు ఇంకొకరికి చెబుతాడు. అన్నంభట్టు వాక్యంలో చెప్పిన ఆకాంక్ష వినేవాడి గుండెలో కూడా ఉండాలని నేను ఈ కథ నుంచే నేర్చుకున్నాను.

అందుకని ప్రవచనాలు మానమని చెప్పను, ఇంకా ఎక్కువ వినమనీ చెప్పను. మీరు ఉత్తరంలో ఎన్ని విన్నారో రాశారు గానీ, ఏది తెలియక వింటున్నారో రాయలేదు. మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఏదైనా ఉంటే, శాస్త్రం మాటలు కలపకుండా, ఇంట్లో వాళ్లతో చెప్పుకునే తెలుగులో నాలుగు వాక్యాల్లో రాసి పంపండి. దాని మీద మాట్లాడుకుందాం.